విన్న జవాబు

"జవాబు నీ చెవులారా వింటే 'హర్డ్', అంటే విన్నాను అని, వైర్‌లెస్‌లో కొట్టు. ఇంకొకరు తెచ్చి చెబితే 'రిసీవ్డ్', అందింది అని. హర్డ్ అంటే లాంచ్ కదులుతుంది, రిసీవ్డ్ అంటే ఆగుతుంది. ఆ క్రియాపదం తప్పావో, లాంచ్‌లో వాళ్ల ప్రాణాలు గాలిలో దీపాలే."

మద్రాసులో చీఫ్ అన్న మాటలు ఏజెంట్ గంగాధరాన్ని వదలడం లేదు. 1965 సెప్టెంబరు. జువ్వలదిన్నె ఒడ్డున గుడిసెలో ఎండుచేపల వ్యాపారి వేషంలో కూర్చున్నాడు. గంప అడుగున ట్రాన్స్‌మిటర్, రిసీవరు ఉన్నాయి. పొద్దు వాలుతోంది, సముద్రం నల్లబడుతోంది.

విదేశీ ముఠా ఆయుధాలు ఎక్కడ దించుతుందో వాళ్లకు పడవలో దారి చూపే జాలరి చిన్నపోలయ్యకు తెలుసు. అతను లోలోపల మనవాడే. జవాబు తేవడానికి సినిమా తార వేషంలో ఏజెంట్ కరుణాకుమారి వెళ్లింది. కృష్ణపట్నం ఎదుట లాంచ్‌లో కాచుకుని ఉన్నవాడు మీరా మొహిద్దీన్, గంగాధరంతో ఒకే కంచంలో తిన్న స్నేహితుడు.

సెంటు గుప్పుమంది. కరుణాకుమారి నల్లకళ్లద్దాలు తీస్తూ లోపలికొచ్చింది.

"కృష్ణపట్నం ఏటిమొగ, ఏరు సముద్రంలో కలిసేచోట. హర్డ్ అని కొట్టు, త్వరగా!"

"నేను విన్లేదే?"

"నేను విన్నాను. నా చెవులు నీవి కావా?" అని కిలకిలా నవ్వింది.

ఎంత గట్టివాడైనా ఆ నవ్వుకు కరగాల్సిందే. గంగాధరం వేలు కీ మీదికి పోయింది.

"ఎప్పుడు అడిగినావు?"

"పడవ తోస్తుంటే. ఎక్కడికి పోలయ్యా అన్నాను. కృష్ణపట్నానికమ్మా అన్నాడు."

గంగాధరం కీ మీది నుంచి వేలు తీసేశాడు. పోలయ్య ఈ పాళెం బిడ్డే! చేపల వేటకు కదిలినవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునం. బదులు పలకడు సరికదా, పడవను ఒడ్డుకు లాగేసి ఇంటికి పోతాడు. గంగాధరం తలుపులోంచి చూశాడు. ఒడ్డున పోలయ్య పడవ లేదు. అంటే అతన్ని ఎవరూ అడగనే లేదు.

"నువ్వు పోలయ్య మొహమైనా చూడలేదు గదా?"

నవ్వు మాయమైంది. వ్యానిటీ బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. "హర్డ్! కొట్టు!"

మొహిద్దీన్ కళ్లముందు మెదిలాడు. గంగాధరం చేపల ఉప్పు గుప్పెడు తీసి ఆమె కళ్లలో కొట్టాడు. గుండు కప్పులో దిగింది. పిస్తోలు లాక్కుని, కీ మీద కొట్టాడు: రిసీవ్డ్. ఆగండి.

గంగాధరం దేవుళ్లందరికీ మొక్కాడు. ఆఖరికి రిసీవరు పలికింది. ఏటిమొగకు కూతవేటు దూరంలో లాంచ్ కదలకుండా ఉన్నచోటే ఆగింది.

తెల్లారాక ఏటిమొగలో మైన్లు దొరికాయి. అక్కడ ఆయుధాలు దించుతారన్న మాట ఉత్త ఎర. వేట నుంచి తిరిగొచ్చిన పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆయమ్మ నా కాడికి రానే లేదన్నా."

సంకెళ్లతో కరుణాకుమారి జీపెక్కింది. అప్పుడే వచ్చిన మొహిద్దీన్ గంగాధరాన్ని కావలించుకుని, "ఈమెను ఎక్కడికి తీసుకుపోతుండారబ్బా?" అన్నాడు.

గంగాధరం వాడి నోరు మూశాడు. "అడగమాకన్నా. జీపు వెనక్కి తిప్పుకోనొస్తారు!"