దించమంటే రెండు

నస్పూర్ దాటి గోదావరి దిక్కు పోతే రాళ్లగడ్డ అని ఒక టౌను వస్తది. బొగ్గుబాయి పుణ్యాన పుట్టిన టౌను. పోయిన మాఘమాసంల భూమి ఊగింది, సగం టౌను కూలింది. తొమ్మిది నెలలాయె. ఇప్పుడు బజాట్ల మల్ల చాయ్ హోటళ్లు తెరిసిన్రు, మిర్చీలు గోలిస్తున్నరు, డేరాల కింద బడి నడుస్తున్నది. ఇంజనీర్లు వచ్చి ప్రతి గోడ మీద ఎర్రరంగుతోని నెంబర్లు రాసి పోయిన్రు. ఏ ఇల్లు కూలగొట్టాలె, ఏ ఇల్లు ఉంచాలె, అంతా ఆ నెంబర్లల్లనే ఉన్నదట. జనం ఆ నెంబర్ల ముందటనే తీగలు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నరు. మరేం జేస్తరు, బతకాలె గద.

సాంబయ్య ఇంటి గోడకు సుత ఒక నెంబరున్నది. ముందటి అర్ర నిలవడ్డది, ఎనుక అర్ర పడ్డది. రాళ్లు, ఇనుము ఎత్తుకపోయినంక ఎనుక మిగిలింది ఉత్త పునాది గద్దె. దాని మీదికి మూడు మెట్లు. ఆ మెట్లెక్కి పోనీకి ఇప్పుడు అర్ర లేదు.

కార్తీకంల, తుఫాను ముసురు పట్టిన నాడు, మధ్యాహ్నం బస్సుకు ఇద్దరు ఆడపిల్లలు దిగిన్రు. వీపుల మీద మనిషంత బ్యాగులు. ఒకామె కరీంనగర్ పిల్ల నవీన, ఇంకొకామె ఆదిలాబాద్ పిల్ల అంబ్రీన్. చదువు అయిపోయింది, నౌకరి ఇంకా దొరకలే, ఈ నడుమల ఊర్లు తిరుగుతున్నరట. టౌన్ల ఉన్న ఒక్క లాడ్జి సుత కూలింది గనుక చాయ్ హోటలాయన వాళ్లను సాంబయ్య ఇంటికి తోలిండు. సాంబయ్యకు ఒళ్లు మండింది. కూలిన కొంపలు సుత జాతర లెక్క చూడవస్తరా అని లోపల్లోపల తిట్టుకున్నడు.

"ఈడ చూడనీకి ఏమున్నది బిడ్డా?" అని మాత్రం అన్నడు.

నవీన తలకాయ దించుకున్నది. అంబ్రీన్ మాత్రం చూపు తిప్పలే. "ఊరు పడ్డది టీవీల చూసినం చాచా. మల్ల లేస్తున్నది ఎవ్వరు చూపెట్టలే. అందుకే వచ్చినం."

సాంబయ్య గడపలకెళ్లి జరిగి తొవ్వ ఇచ్చిండు.

సాంబయ్య పెండ్లాం కిష్టవ్వ సంబురం చెప్పతరం కాదు. తొమ్మిది నెలల నుంచి ఇద్దరికే వండిన మనిషి ఆ పొద్దు పెద్ద గిన్నె దించింది. ఆంటీ అని పిలిస్తే కసిరి, అవ్వ అనుమన్నది. తొవ్వల తడిసి వచ్చిన నవీన జడ విప్పి, తుడిసి, నూనె పెట్టింది. నూనె పెట్టుడు అయిపోయినా ఆ పిల్ల నడినెత్తి మీదికెళ్లి చెయ్యి తియ్యలే. సాంబయ్య చూడలేక బయటికి వచ్చిండు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ ఉండె, మమతారాణి. మంచిర్యాలల నర్సు పని. డ్యూటీ లేదని ఇంటికొచ్చి, ఇంత తిని, ఎనుక అర్రల పండుకున్నది. అప్పుడే భూమి ఊగింది.

సాంబయ్య సంగతి జర చెప్పాలె. ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయి మీద ఇంజను నడిపిన మనిషి. మనుషులను భూమి లోపలికి దించే బండి, పైకి గుంజే బండి ఆ ఇంజను మీదనే ఆధారం. కింద ఏమైతున్నదో ఇంజను కాడ కూసున్నోనికి కనవడది. గంట ఒక్కటే ఇనవడతది. ఇంజను నడుస్తుండంగ ఒక్క గంట వస్తే ఆపు. రెండు వస్తే దించు. మూడు వస్తే మనుషులు ఎక్కుతున్నరు, పైలం. కింది నుంచి ఎన్ని వస్తే పైనుంచి అన్ని తిరిగి కొట్టాలె, పైనుంచి ఎన్ని పోతే కిందినుంచి అన్ని తిరిగి రావాలె. అప్పుడే బండి కదలాలె. అది బాయి కానూను. ముప్పై ఒక్క ఏండ్లల ఆయన చెవి ఒక్క గంట తప్పు ఇనలే. రిటైరైన నాడు దండేసి అదే మాట చెప్పిన్రు.

ఆ చెవే కొంప ముంచింది.

మాఘంల ఆ సాయంత్రం తవ్వే మిషను వచ్చి స్లాబు లేపుతున్నది. నడిపేటోడు ఆ వాడకట్టు పిలగాడే, వెంకటి. అంత మోతల సాంబయ్యకు స్లాబు కింది నుంచి ఒక్క దెబ్బ ఇనవడ్డది. ఠక్. ఒక్కటే. బుద్ధి కంటే ముందు చెయ్యి లేచింది. ఆపుమన్నడు. వెంకటి ఆపిండు. మిషను పండ్లు బిడ్డకు తాకుతున్నయి, వద్దంటున్నది, చేతులతోని తీద్దామన్నడు సాంబయ్య. పదిమంది కూడి చేతులతోని రాళ్లు తీస్తుండంగ, పావుగంటకు భూమి మల్లొకసారి ఊగింది. నిలవడ్డ గోడ వచ్చి స్లాబు మీద పడ్డది.

మమతకు బాయి గంటలు ఏం ఎరుక? ఇంజను రూము మొఖం ఎన్నడు చూసిందని? లోపల మనిషినున్న, తియ్యుండ్రి అని కొట్టింది. ఒక్కసారి కొట్టేంత ఊపిరే ఉండెనేమో. ఈ సంగతి సాంబయ్య బుద్ధికి వచ్చేసరికి బూడిద గోదాట్ల కలిసిపోయింది.

కిష్టవ్వ ఆ యాళ్ల తెలివి తప్పి దవాఖాన్ల ఉండె. మిషను నడుమల ఆగిపోయిందట అన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడ్డది. ఇగ అప్పటి నుంచి వెంకటి ఆ బజాట్లకెళ్లి పోతే చాలు, నీ చేతులు పడిపోను అని శాపాలు పెడుతది. వెంకటి మిషను పని ఇడిసిపెట్టిండు. తల వంచుకోని పోతడు గని అసలు సంగతి చెప్పడు. సాంబయ్య గడప మీద కూసోని ఇంటడు. ఆయన సుత చెప్పడు. చెప్తే కిష్టవ్వ తనను ఇడిసిపోతదని భయం. ఆమె సుత లేకుంటే ఇగ తనకెవరున్నరు?

ఇంకో సంగతి సుత చెప్పలే. ప్రతి దినం పొద్దూకంగనే, దీపం ముట్టిచ్చే యాళ్లకు, ఆ గద్దె కింది నుంచి ఒక్క దెబ్బ ఇనవడతది. తన తలకాయలనే మోగుతున్నదనుకున్నడు. పాపం జేసిన చెవి, మోగదా మరి? ఒక్కనాడు సుత తిరిగి కొట్టలే.

ఆ పొద్దు ముసురు ఇడవలే. చీకటి పడకముందే కరెంటు పోయింది. రేకుల మీద చినుకుల చప్పుడు. తడిసిన సిమెంటు వాసన, పక్కింటి బొగ్గుపొయ్యి వాసన. కిష్టవ్వ మైనపుబత్తి ముట్టిచ్చి గిన్నె మూత మీద నిలవెట్టింది. నలుగురు గుండ్రంగ కూసోని జొన్నరొట్టెలు తింటున్నరు. అంబ్రీన్ వాళ్ల బాపు సత్తార్ పత్తిమిల్లుల పని చేస్తడట, ఈ దినాలల్ల అన్నం తిననీకి సుత ఇంటికి రాడట. ఆ ముచ్చట చెప్పుకుంట నవ్వుతున్నది.

ఠక్.

నవీన తల తిప్పింది. "ఎనుక ఎవరో తలుపు కొడుతున్నరు అవ్వా."

ఎనుక తలుపెక్కడిది? గోడనే లేదాయె. సాంబయ్య చేతుల రొట్టెతునక జారి పడ్డది.

"తలుపు కాదే..." అంబ్రీన్ గొంతు తగ్గించింది. "కిందికెళ్లి వచ్చింది."

సాంబయ్యకు ముందుగాల వచ్చింది భయం కాదు. ఇది తన తలకాయల మోత కాదని ఏడుపొచ్చినంత పనైంది. భయం తర్వాత వచ్చింది. వీళ్లకు సుత ఇనవడ్డదంటే... ఆడ ఉన్నది.

"ఏం సప్పుడు?" కిష్టవ్వ ముగ్గురి మొఖాలు చూసింది. "నాకేం ఇనరాలే."

చినుకులు... బత్తి మంట ఒక్కపక్కకు వంగింది. గాలి లేదు.

రోజుకు ఒక్కటే వచ్చేది. ఆ పొద్దు మల్ల వచ్చింది.

ఠక్.

నవీన అంబ్రీన్ చెయ్యి పట్టుకున్నది. అంబ్రీన్ పెదవులు ఏదో దువా చదువుతున్నయి. కిష్టవ్వకు వాళ్ల మొఖాలు చాలు, సంగతి అర్థమైపోయింది. లేచి గోడకు చెవి ఆనిచ్చింది. నేలకు ఆనిచ్చింది. చాలాసేపు అట్లనే ఉండి, లేచి కూసున్నది.

"ఊరుగాని ఊరు పిల్లలకు ఇనవడుతున్నది. కన్నది నేను గాదా? నాకెందుకు ఇనవడది?"

ఆ మాట ఇన్నంక సాంబయ్య దాచలేకపోయిండు. ఇద్దరు పరాయి పిల్లల ముందటనే అంతా కక్కిండు. "వెంకటి ఆపలే కిష్టవ్వా. ఆపింది నేను. ఒక్క గంట ఇన్న, చెయ్యి లేపిన. నీ బిడ్డను తియ్యనియ్యంది నేనే."

తిడుతదనుకున్నడు, కొడుతదనుకున్నడు, లేచి వానల పడి పోతదనుకున్నడు. ఏం చెయ్యలే. ఎంగిలి పళ్లాలు తీసింది, కడిగింది, పిల్లలకు చాప ఏసింది, వాళ్ల మీద దుప్పటి సర్దింది. అన్నీ చేసినంక, బత్తి ఊదే ముందు, మామూలుగ అడిగింది.

"మమత బాపూ, బాయిల కిందికి దించమంటే ఎన్ని గంటలు కొడుతరు?"

"రెండు" అన్నడు సాంబయ్య. ముప్పై ఏండ్ల అలవాటు, అడగంగనే నోట్లెకెళ్లి వచ్చింది.

"తిరిగి కొడితేనే కదులుతదా?"

"అవును, తిరిగి కొడితేనే."

తెల్లారి ముసురు ఎలిసింది. పిల్లలు ఆసిఫాబాద్ బస్సుకు తయారైన్రు. కిష్టవ్వ తొవ్వల తిననీకి రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. నవీన బస్సు మెట్టెక్కి మల్ల దిగి వచ్చి ఆమెను పట్టుకోని ఏడ్చింది. అంబ్రీన్ సాంబయ్యను పక్కకు పిలిచింది. "చాచా, అవ్వను ఒక్కదాన్ని ఉంచకుండ్రి. రాత్రంత నిద్రపోలే ఆమె. వేళ్లతోని నేల మీద కొట్టుకుంట పండుకున్నది. రెండేసి, రెండేసి."

సాంబయ్య తిరిగి చూస్తే కిష్టవ్వ ఆడ లేదు. ఇంటికొచ్చి చూస్తే ఇంట్ల సుత లేదు. వెంకటి ఇంటికి పోయిందని పక్కింటోళ్లు చెప్పిన్రు. ఉరికిండు. ఆడ వాకిట్ల వెంకటి రెండు చేతులు తన చేతులల్ల పట్టుకోని కూసున్నది. తప్పైంది కొడుకా, నీ చేతులు సల్లగుండాలె అంటున్నది. వెంకటి వెక్కి వెక్కి ఏడుస్తున్నడు. ఇగ అంతా నెమ్మదిస్తదేమో అని సాంబయ్యకు జర ఆశ పుట్టింది.

ఆ మాపటికి కిష్టవ్వ ఇల్లూకింది, బిందెలు నింపింది, మొగనికి అన్నం పెట్టింది. చీకటి పడుతుండంగ చెయ్యి కడుక్కోని వస్తా అని ఎనుకకు పోయింది. సాంబయ్య చెవి ఊకుంటదా? ఒక్క దెబ్బ కోసం చూస్తున్నడు. రాలే. దానికి బదులు రాయి మీద రాయి ఏసిన చప్పుడు వచ్చింది, గద్దె పైనుంచి.

ఠక్. ఠక్.

పళ్లెం ఇడిసి ఉరికిండు. కిష్టవ్వ గద్దె మీద కాళ్లు జాపుకోని కూసున్నది, చేతుల రాయి. సాంబయ్య ఆమె నోరు మూసినట్టు ఆ రాయి మీద చెయ్యేసిండు. వద్దు... వద్దే... అన్నడు. అన్న మాట ఇంకా నోట్లనే ఉన్నది...

కింది నుంచి వచ్చినయి. ఠక్. ఠక్.

కిష్టవ్వ మొఖం విచ్చుకున్నది. "ఇనవడ్డది" అన్నది. "నాకు సుత ఇనవడ్డది మమత బాపూ." తొమ్మిది నెలలల్ల ఆమె నవ్వంగ చూసుడు అదే మొదలు. ఆమె భుజాలు పట్టుకోని, తెల్లారేదాక ఆడనే కూసున్నడు. ఏం కాలే. భూమి ఊగలే. పక్కింట్ల గిన్నె సుత కదలలే.

తెల్లారి నీళ్లు చల్లవోయి చూస్తే మూడు మెట్లుండాల్సిన గద్దెకు రెండే మెట్లున్నయి.

మట్టి పైకి రాలే, గద్దె పగులలే, ఎవ్వరు తవ్వలే. ఇంజనీరును పిలిస్తే వానకు గద్దె కింద భూమి కుంగిందని చెప్పి గోడ మీద ఇంకో నెంబరు రాసి పోయిండు. కిష్టవ్వను చెల్లె కొమురవ్వ ఇంటికి తోలుదామని చూసిండు, బతిమాలిండు, కాళ్లు పట్టుకున్నడు. ఆమె కదలదు. బిడ్డ ఒక్కతే ఉన్నది, చీకట్ల ఉన్నది, నువ్వు ఆపుకుంటే ఆపుకో అన్నది.

ఆపుడు ఆయనకు ఎరుకే. గద్దె నడుస్తుండంగ ఒక్క దెబ్బ కొడితే ఆగుతది. ప్రతి మాపటికి కిష్టవ్వ పోయి గద్దె మీద కూసుంటది, ఆయన పక్కన కూసోని రాయి పట్టుకుంటడు. చెయ్యి లేస్తది. లేచిన చెయ్యి అట్లనే ఉంటది. ఒక్కసారి ఆపుమని బిడ్డను పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఆపుతే ఆగేది కిందికి దిగే కిష్టవ్వనో, పైకి రానీకి చూస్తున్న బిడ్డనో ఎట్ల తెలుస్తది? కొట్టలేక, రాయి ఒళ్లె పెట్టుకోని ఏడుస్తడు. కిష్టవ్వ ఆయన ఈపు నిమురుతది.

ఇయ్యాల పొద్దుగాల సాంబయ్య మల్ల ఎనుకకు పోయి చూసిండు. ఒక్కటే మెట్టున్నది.