తాళం పడ్డ బోర్డు

"చీరల లోడ్ తడిసింది."

ఫోన్‌లో చీఫ్ రాజేశ్వర్ రావు చెప్పిన కోడ్ విని ఏజెంట్ ఆసిమా టీ గ్లాసు కింద పెట్టేసింది. లోడ్ అంటే అనిల్. తడిసింది అంటే శత్రువులు అతన్ని గుర్తుపట్టేశారు.

సుబేదారిలోని మేడారం జాతర కంట్రోల్ రూమ్‌లో వారం రోజులుగా ఆమె తబస్సుమ్ అనే ఆపరేటర్. కళ్లజోడు అబద్ధం, ఐడీ కార్డు అబద్ధం. ఎదుట మానిటర్‌లో ఒక టెక్స్ట్ బాక్స్. అందులో పడిందల్లా మేడారంలోని నలభై ఎలక్ట్రానిక్ బోర్డుల మీద కనిపిస్తుంది. అన్నీ తప్పిపోయినవాళ్ల పేర్లే. ఫోన్ కూడా లేకుండా విదేశీ ముఠాలో వాళ్ల మనిషిలా నటిస్తున్న అనిల్‌కు 'పారిపో' అన్న సంకేతం కూడా అక్కడే, తప్పిపోయినవాడిగా అతని పేరుతోనే రావాలి. "ఆపా, జర నా పేరు మర్చిపోకు" అని తమ్ముడిలా నవ్వుతూ వెళ్లాడు పిచ్చోడు.

"అనిల్ నోటీసు సర్వర్‌ల ఏసినమ్మా. పదకొండు నలభై అయిదుకు పడ్తది. పన్నెండుకు వాణ్ణి అడవిలకు తీస్కపోయి సంపుతరు" అన్నాడు చీఫ్. "గానీ నలభైకే ముఠా మెసేజ్ వస్తాంది. 'వాగుకు వరదొచ్చింది, ఉరకండి' అని. వాగుల లచ్చలమంది ఉన్నరు. తొక్కిసలాటే!"

టైమ్ 11:37. అనిల్ పేరు ముందే వేద్దామని ఆసిమా టకటకా కీలు నొక్కింది. బాక్స్‌లో ఒక్క అక్షరం కదల్లేదు.

వెనక నుంచి ఖరీదైన సెంటు వాసన. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ భవాని, నవ్వుతూ. రెండేళ్లుగా మన మనిషే అనుకున్న అందగత్తె.

"అది ఇప్పుడే రీడ్-ఓన్లీ చేసిన ఆసిమా. ప్రోగ్రామ్ ఒక్కటే రాస్తది. ప్రోగ్రామ్ ఆపినవనుకో, అయిదు సెకన్లల మా ప్రోగ్రామ్ లేస్తది."

ఆసిమా ఆమె చెయ్యి మెలితిప్పి కుర్చీకి సంకెల వేసింది. లక్క గాజులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చింది. కోడ్ తెరుచుకుంది. ప్రతి మెసేజ్‌కూ ప్రోగ్రామ్ ముందు బాక్స్ తాళం తీస్తుంది, రాస్తుంది, మళ్లీ వేస్తుంది. ఆ తాళం తీసే లైన్ చెరిపేస్తే ఇక ప్రోగ్రామ్ కూడా రాయలేదు. ఎర్రర్ కూడా రాదు, కాబట్టి ముఠా ప్రోగ్రామ్ లేవదు.

భవాని నవ్వు ఆరిపోయింది. మళ్లీ వెలిగింది.

"చెరుపు. అనిల్ పేరు గూడ పడదు మరి. మా మెసేజ్ పన్నెండు దాటెదాక సెకనుకోసారి వస్తనే ఉంటది. నువ్వెప్పుడు తాళం తీసినా ముందు పడేది అదే."

11:39:58. ఆసిమా లైన్ చెరిపేసింది.

నలభై దాటింది. బాక్స్‌లో పాత నోటీసే ఉంది: లచ్చవ్వ, మరిపెడ, ఎర్ర చీర.

నలభై అయిదు దాటింది. ఎర్ర చీరే.

పన్నెండు కొట్టేదాకా ఆమె ఆ బాక్స్‌నే చూస్తూ కూర్చుంది.

ఫోన్ మోగింది. "శభాష్ ఆసిమా! జాతరల ఒక్కరు గూడ పోలే!"

"ఒకడు పోయిండు సార్."



జాతరలో తప్పిపోయినవాళ్లందరూ క్షేమంగా దొరికారని మర్నాడు పేపర్లో వచ్చింది.