నురగ రాని క్యాప్సూల్

“పన్నెండింటికి మనవాళ్ళు పదకొండు మంది సరిహద్దు దాటాలి,” అన్నాడు చీఫ్. “ఆ సంగతి విదేశీ ముఠాకు చేరింది. దారి మార్చుదామంటే, ఆ కబురూ మోసేవాడు మన ఆఫీసులోనే ఉన్నాడు. వాడి పేరున్న మైక్రోఫిల్మ్ ముఠా నడిపే, లోహాలకు పూత వేసే ప్లేటింగ్ వర్క్‌షాప్‌లో ఉంది.”

“సంపాదించిందెవరు సార్?”

“నీ భార్య. మూడేళ్ళుగా ఆమె మన మనిషే. నీకు చెప్పే వీల్లేకపోయింది.”

ఏజెంట్ పదిహేడు, ఆమె శత్రువుల్లో కలిసిపోయిందని ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకున్నాడు.

పదకొండున్నరకు యాసిడ్ జాడీలు మోసేవాడి వేషంలో వర్క్‌షాప్‌లోకి వెళ్ళాడు. యాసిడ్ తొట్టి పక్కన ఆమె నెత్తుటి మడుగులో పడి ఉంది. ఆమె సొరుగులో దొరికిన మూడు తెల్లటి లోహపు క్యాప్సూళ్ళను ముఠా బాస్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోకి జారవిడిచాడు.

“ఫిల్మ్ ఎందులో ఉందో నోరు విప్పలేదు మహాతల్లి. అన్నీ కరిగిపోతే గొడవే లేదు,” అని వెనక్కి తిరిగాడు.

పదిహేడు చేతి గడియారంలోంచి దూసుకెళ్ళిన మత్తు సూది వాడి మెడలో దిగింది.

తొట్టిలో ఒక క్యాప్సూల్ కుతకుతలాడుతోంది. పటకారుతో దాన్ని అందుకోబోయాడు.

“అది కాదు,” ఆమె గొంతు సన్నగా వినిపించింది. “మెగ్నీషియం. పోనీ.”

రెండోదాని మీద బుడగలు నిదానంగా లేస్తున్నాయి.

“అది జింక్. అదీ కరుగుతుంది. హైడ్రోజన్ కంటే చురుకైన లోహాలే దాన్ని యాసిడ్‌లోంచి బుడగలుగా వెళ్ళగొడతాయి. వెండికి అంత చురుకు లేదు.”

మూడోది ఉలుకూ పలుకూ లేకుండా అడుగున పడి ఉంది. పైకి తీశాడు.

“వెండి ఎక్కడిదే నీకు?”

“మన పెళ్ళికి మీ అక్క ఇచ్చిన గిన్నె. కరిగించేశాను. వదిన అడిగితే ఏదో ఒకటి చెప్పు.”

చొక్కా విప్పి గాయానికి అదిమి పట్టాడు. “నాతో ఒక్క మాట అనకపోయావా?”

“అంటే వెంట వచ్చేవాడివి.”

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకునే, రెండో చేత్తో ఫిల్మ్ భూతద్దం కింద పెట్టి, ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్‌కు పేరు చదివాడు. పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలు. వైర్‌లెస్ గదిలో ద్రోహికి సంకెళ్ళు పడ్డాయి. పదకొండు మందీ వేరే దారిన ఇల్లు చేరారు.

సాయంత్రం ఆమెకు మరణానంతర పతకం కోసం ఫారం నింపుతూ గుమాస్తా నసిగాడు. “సంబంధం... మాజీ భార్య అని రాయనా సార్?”

“భార్య అనే రాయండి. విడాకుల కాగితాలు మూడేళ్ళుగా నా బీరువాలోనే ఉన్నాయి. సంతకం పెడదామంటే మన ఆఫీసులో ఒక్క రోజు సెలవిచ్చారా?”