ఎల్సీ బోరు దగ్గర గొంతు

ఆస్ట్రేలియాలో వింటన్ నుంచి క్లాన్‌కరీ వెళ్లే రోడ్డులో, మా పెట్రోలు బంకు దాటాక నలభై కిలోమీటర్లకి ఎల్సీ బోరు అని ఒక చోటుంది. తుప్పు పట్టిన గాలిమర ఒకటి, ఎండిపోయిన రేకు తొట్టి ఒకటి, రెండు గిడ్జీ చెట్లు. పగలు లారీవాళ్లు నడుం వాల్చడానికి ఆగుతారు. చీకటి పడ్డాక మాత్రం... ఎవరూ ఆగరు.

పశువుల మందల్ని నడిపించి తోలుకెళ్లే కాలంలో ఎల్సీ అని ఒకావిడ ఉండేదట. మందతో వెళ్లిన మొగుడు తిరిగి రాకపోతే రాత్రికి రాత్రి లాంతరు పట్టుకుని వెతకబోయిందట. లాంతరు దొరికింది. ఆవిడ దొరకలేదు. అప్పట్నుంచి, గాలి లేని రాత్రి అక్కడ పడుకున్నవాళ్లని ఒక ఆడగొంతు మెల్లిగా పలకరిస్తుందని... బదులు పలికారా, లేచి ఆ గొంతు వెంట నడుచుకుంటూ పోతారని...

ఈ బంకూ, దాని పక్కన హోటలూ ఇరవై ఆరేళ్లుగా నేనే నడుపుతున్నాను. నా పేరు షర్లీన్. కౌంటరు మీద మోచేతులు ఆనించి ఈ కథ వచ్చేపోయేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు. కథ సాగితే ఇంకో టీ అమ్ముడుపోతుంది, అదీ నా తెలివి. ఆ ఒక్కరోజు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడనుకుని ఏం లాభం.

ఇక చెప్పబోయేది నాకు నెవిల్ చెప్పింది. కొంత నేను చూసింది.

నెవిల్ పాస్కోది మకై అనే ఊరు. బొగ్గు గనిలో ముప్ఫై ఎనిమిదేళ్లు డంపర్ నడిపాడు. ఆ మోతకి చెవులు పోయాయి. పగలంతా రెండు చెవులకీ మిషన్లుండాలి. రాత్రి పడుకునే ముందు అవి తీసి గిన్నెలో పెట్టాడంటే, పక్కన పిడుగు పడ్డా ఆయనకి తెలీదు.

భార్య డల్సీ. పెళ్లయి నలభై తొమ్మిదేళ్లు. ఉద్యోగం అయ్యాక మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉండే ఒక మోటార్‌హోమ్ బండి కొనుక్కుని దేశమంతా చుట్టిరావాలని మా దగ్గర ఆ వయసు వాళ్లందరికీ ఉండే ఆశే వాళ్లకీ ఉంది. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అనుకుంటూనే పదేళ్లు దొర్లించారు. తీరా కొనే వేళకి డల్సీకి మతిమరుపు జబ్బు మొదలైంది. టీ కెటిల్ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేది. కూతురు జనీన్‌ని తన చెల్లెలి పేరుతో పిలిచేది.

ఈ పరిస్థితిలో ప్రయాణమేంటని జనీన్ గొడవ పెట్టుకుంది. చివరికి డాక్టరు మధ్యే మార్గం చెప్పాడు. మరిచిపోతే పర్లేదు, తిరగనివ్వండి అన్నాడు. కానీ లేని గొంతులు వినబడటం మొదలైనా, రాత్రిళ్లు లేచి బయటికి వెళ్లిపోతున్నా ఇక ఇంట్లో ఉంచడం కుదరదు, ఇలాంటివాళ్లని చూసుకునే హోమ్‌లో చేర్చాల్సిందే అన్నాడు. అలాంటిదేమన్నా జరిగితే వెంటనే వెనక్కి తీసుకొస్తానని నెవిల్ కూతురికి మాటిచ్చాడు. జరగదని గట్టిగా నమ్మాడు పాపం.

బండి బండబర్గ్‌లో దొరికింది. పదకొండేళ్ల పాతది. అమ్మినాయన క్లెమ్, ఎనభై ఏళ్లవాడు. భార్య ఐవీ పోయి ఏడాదైంది, ఒక్కడే తిరగలేక అమ్మేస్తున్నాడు.

మోటార్‌హోమ్ చేతులు మారేటప్పుడు మా దగ్గర ఒక పద్ధతుంది. అమ్మేవాడు కొనేవాణ్ణి బండి చుట్టూ తిప్పి నీళ్ల ట్యాంకు ఎక్కడ, గ్యాస్ బండ ఎక్కడ, మెట్టు ఎలా మడవాలి అని ఒక్కొక్కటీ చూపిస్తాడు. పూట పడుతుంది. కొనేవాడు బుద్ధిగా పుస్తకంలో రాసుకుంటాడు. నెవిల్ ఇలాంటి బండి కొనడం అదే మొదటిసారి. అయినా రాసుకోలేదు. రెండొందల టన్నుల డంపర్ నడిపినవాణ్ణి, ఈ డబ్బా గురించి నాకు నేర్పేదేముంది అని ఆయన గర్వం. క్లెమ్ గుమ్మంలో నిలబడి తలుపు పైకి చెయ్యెత్తి, "ఇంకొక్కటుంది, ఇది..." అన్నాడట. "తెలుసు, తెలుసు" అని నెవిల్ తాళాలు అందుకున్నాడు. క్లెమ్ చెయ్యి దించేశాడు.

మొదటి తొమ్మిది రోజులు హాయిగా గడిచాయట. రాత్రికి ఏదో ఒక ఊళ్లో ఇలాంటి బండ్లు ఆపుకునే కారవాన్ పార్కులో ఆగేవాళ్లు. అక్కడ తెల్లార్లూ వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పొద్దున్నే డల్సీ మెట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ టీ తాగేది. కూతురి పేరు మరిచిపోయిన మనిషి ప్రతి పిట్ట పేరూ చెప్పేది. నాకు నా పెళ్లాం తిరిగొచ్చింది షర్లీన్, అన్నాడు నెవిల్.

పదో రోజు మా హోటల్లో దిగారు. జూలై నెల, మా దగ్గర చలికాలం. టోస్ట్ మీద కీమా వేసిచ్చాను. ఆ రాత్రి ఎల్సీ బోరు దగ్గర ఆగుతాం, ఒక్క రాత్రయినా దీపాల్లేని చోట చుక్కలు చూస్తూ పడుకోవాలి అన్నారు. ఇంకేముంది, నా నోరు ఊరుకోలేదు. లాంతరు దగ్గర్నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పాను. దెయ్యం గొంతు చించుకున్నా నాకు వినబడదులే అని నెవిల్ నవ్వాడు. డల్సీ నవ్వలేదు. "పాపం, ఆవిడకి మొగుడు దొరికాడా?" అని అడిగింది.

ఆ రాత్రి—

నెవిల్‌కి చలికి మెలకువొచ్చింది. పక్కన చెయ్యి వేస్తే దుప్పటి తగిలింది, మనిషి తగల్లేదు. లేచి చూస్తే బండి తలుపు బార్లా తెరిచి ఉంది. బయట కాటుక చీకటి. చెవుల్లో మిషన్లు లేవు, ఆయనకి ఏ చప్పుడూ లేదు. టార్చి పట్టుకుని గాలిమర దాకా పరిగెత్తాడు. తొట్టి చుట్టూ వెతికాడు. "డల్సీ... డల్సీ..." అని అరిచాడు. తన అరుపు తనకే వినబడలేదు.

బండి వెనకవైపు, గ్యాస్ బండ పెట్టె ముందు, నైటీలో, ఒట్టి కాళ్లతో నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు...

లోపలికి తీసుకొచ్చి, దీపం వేసి, మిషన్లు పెట్టుకున్నాడు.

"ఒకావిడ అడిగింది నెవ్," అంది డల్సీ. "గ్యాస్ కట్టేశావా, బంగారం... అని. నువ్వు మరిచిపోయావు. నేను వెళ్లి కట్టేశాను."

"ఇక్కడ ఎవరూ లేరు డల్సీ."

"నేను విన్నాను నెవ్."

తెల్లారేదాకా దీపం ఆర్పకుండా, ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడట. మళ్లీ ఏ గొంతూ రాలేదు. ఆ రాత్రి తను నిజంగానే గ్యాస్ కట్టేయలేదన్న సంగతి ఆయనకి గుర్తుంది. కానీ దాని గురించి ఆలోచించే స్థితిలో లేడు.

పొద్దున్నే మళ్లీ నా దగ్గరికొచ్చారు. నెవిల్ నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి జరిగింది చెప్పాడు. డల్సీ నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వైనా చెప్పు షర్లీన్. అక్కడ గొంతు వినిపిస్తుందని నువ్వే కదా చెప్పావు."

అప్పుడు నేనేమన్నానో ఈ జన్మకి మరిచిపోలేను. "అది ఉత్త కథ డల్సీ. టీ అమ్ముకోడానికి చెప్తాను," అన్నాను.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. నెవిల్ బండి వెనక్కి తిప్పాడు.

దారిలో మూడు రాత్రులు దీపాలున్న పార్కుల్లోనే ఆగారు. గొంతు వినబడిందా అని నెవిల్ రోజూ అడిగాడు. లేదు, ఆవిడ బోరు దగ్గరే ఉండిపోయింది అంది డల్సీ. ఇచ్చిన మాట ప్రకారం జనీన్‌కి చెప్పాడు. లేని గొంతు, అర్ధరాత్రి బయటికి పోవడం, డాక్టరు చెప్పిన రెండూ ఒక్క రాత్రిలోనే అయ్యాయి. నెల తిరక్కుండా హోమ్‌లో చేర్చారు. అంకెలు నొక్కితే గానీ తెరుచుకోని తలుపు. నెవిల్ వెళ్లినప్పుడల్లా, నేను విన్నాను నెవ్, అనేది. విన్నావులే, అని చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పేవాడు. రెండు నెలలయ్యాక ఆవిడ ఆ మాట అనడం మానేసింది.

డిసెంబరులో నెవిల్ మళ్లీ వచ్చాడు, ఒక్కడే. ఆ ఎండల్లో బుద్ధున్నవాడెవడూ ఇటు రాడు. మౌంట్ ఐజాలో ఎవరో బండి కొంటామన్నారట, ఇచ్చేయడానికి వెళ్తున్నాడు. ఒక్క టీ తాగి, ఈ రాత్రి బోరు దగ్గర పడుకుంటాను అన్నాడు. వద్దు పెద్దాయనా, నా వెనక గది ఖాళీగానే ఉంది, అక్కడ పడుకోండి అని బతిమాలాను.

"ఆ గొంతు ఒక్కసారి నాకు వినబడాలి, అమ్మాయ్," అన్నాడు. "ఆ ఎల్సీ నిజంగా ఉంటే... నా డల్సీకి పిచ్చి లేనట్టే కదా."

దెయ్యానికి భయపడ్డవాళ్లని చాలామందిని చూశాను. దెయ్యం ఉండాలని కోరుకున్న మనిషిని అదే చూడటం.

ఆ రాత్రి మిషన్లు తియ్యలేదు. దీపం ఆర్పేసి మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. గాలి లేదు. గాలిమర కదల్లేదు. పన్నెండయింది... ఒంటిగంట... ఎక్కడో దూరంగా ఒక లారీ పోయింది. తర్వాత అదీ లేదు.

"ఎల్సీ," అని పిలిచాడు, గుసగుసగా. "ఉన్నావా?"

బదులు లేదు.

కాసేపు అలాగే ఏడ్చాడట. గొంతెండిపోతే నీళ్లు తాగుదామని లేచాడు. చీకట్లో గోడ తడుముకుంటూ తలుపు ముందు నుంచి రెండడుగులు వేశాడు—

"గ్యాస్ కట్టేశావా, బంగారం?"

ముసలి గొంతు. ఆయాసపడుతోంది. బయట్నుంచి కాదు... తన నెత్తి మీదే.

"మెట్టు లోపలికి తీశావా? గడియ చూసుకుని పడుకో..."

తలుపు తోసుకుని బయటికి దూకాడు. గిడ్జీ చెట్లు, చుక్కలు. ఎవరూ లేరు. మళ్లీ లోపలికి కాలు పెట్టాడు. మళ్లీ అదే గొంతు. అదే మాట.

టార్చి వేసి పైకి చూశాడు. తలుపు పైన మూడు తెల్ల డబ్బాలున్నాయి. ఒకటి పొగ వస్తే మోగేది. ఒకటి గ్యాస్ లీకైతే మోగేది. మూడోది కూడా అలాంటిదేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. వెలుతురు పడగానే అది గమ్మునుంది. టార్చి ఆర్పి కింద చెయ్యి ఊపితే, గ్యాస్ కట్టేశావా, అంది. దాని అంచున ఒక ప్లాస్టరు ముక్క, దాని మీద పెన్నుతో ఐవీ అని రాసి ఉంది.

తెల్లారకముందే వచ్చి ఆ డబ్బా నా కౌంటరు మీద పెట్టాడు. దాని మీద ఐవీ పేరు చూపించాడు. ఆయన ఫోనులోంచి నేనే క్లెమ్ నంబరు కలిపి చేతికిచ్చాను. క్లెమ్ నిద్ర లేచే ఉన్నాడు.

క్లెమ్‌కి గ్యాస్ కట్టేయడం ఎప్పుడూ గుర్తుండేది కాదట. చివరిసారి ఆస్పత్రికి వెళ్లే ముందు ఐవీ తన గొంతు అందులో రికార్డు చేసి తలుపు మీద అంటించింది. పూర్తి చీకట్లో, దాని కింద ఎవరైనా కదిలితేనే పలుకుతుంది. దీపాలున్న చోట పలకదు. నీకు చూపిద్దామనే చెయ్యెత్తాను, తెలుసు తెలుసు అన్నావు, సరే తెలిసినవాడే కదా అని ఊరుకున్నాను అన్నాడు క్లెమ్. పోనీలే, ఐవీ ఇంకొంచెం దేశం చూస్తుంది అనుకున్నాడట.

చివరికి క్లెమ్, "ఇంకా పలుకుతోందా?" అని అడిగాడు.

డబ్బా, ఫోనూ స్టోర్‌రూమ్‌లోకి తీసుకెళ్లి, దీపం ఆర్పి, చెయ్యి ఊపాను. గ్యాస్ కట్టేశావా, బంగారం... అవతల క్లెమ్ ఏడుస్తున్నాడు. ఇవతల నెవిల్ ఏడుస్తున్నాడు. చీకట్లో నేనూ ఏడ్చాను.

మౌంట్ ఐజా వాళ్లకి ఆ బండి చేరలేదు. డల్సీని ఇంటికి తెచ్చుకుంటాను అని నెవిల్ ఇటు నుంచి ఇటే మకై తిరిగి వెళ్లిపోయాడు. ఎల్సీ కథ చెప్పడం నేను ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెప్తాను.

వారం తర్వాత ఫోన్ చేశాడు. హోమ్‌లో డల్సీ గదిలో పరదాలన్నీ దగ్గరికి లాగి, డబ్బా తలుపు పైన అంటించి, దీపం ఆర్పి, ఆమె చెయ్యి పట్టుకుని దాని కిందికి నడిపించాడట.

గొంతు పలికింది.

డల్సీ ఆగిపోయింది. మొహం పైకెత్తి, "కట్టేశానమ్మా. నువ్వు పడుకో," అంది, మెట్టు మీద కూర్చుని టీ తాగేటప్పటి గొంతుతో.

నెవిల్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. నువ్వు విన్నది నిజమే డల్సీ, నేనే నమ్మలేదు, నాదే తప్పు, పద ఇంటికి పోదాం, అన్నాడు. ఏం చెప్తున్నాడో ఆయనకే తెలీకుండా చెప్తూనే ఉన్నాడు.

ఆవిడ మర్యాదగా చేతులు విడిపించుకుంది. తలుపు వైపు ఒకసారి చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మీకూ వినబడిందా బాబూ? పైకి అనకండి. మా ఆయనకి తెలిస్తే... నన్ను ఇంటికి తీసుకెళ్లడు."