ఇక్కడ ఆగు

"అంకుల్, ఇక్కడ 'ఆగు' అని రాసుంది. నిజంగా ఆగాలా?"

పోయిన గురువారం మా బృందంలో కొత్తగా చేరిన బ్యాంకు అమ్మాయి చివరి పేజీ మీద వేలు పెట్టి అడిగింది. పాతవాళ్ళంతా కాగితాలు ముఖాలకు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. నేను మాత్రం దగ్గొచ్చినట్టు నటించాను.

ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. మా పాటల కాగితాలన్నీ ఒకే పాత ప్రతి నుంచి జిరాక్సు తీసినవి. ఇరవై ఆరేళ్ళ క్రితం ఎర్ర పెన్సిల్‌తో రాసిన 'ఇక్కడ ఆగు' అనే ఆ రెండు మాటలూ జిరాక్సు మీద జిరాక్సు పడి, ఇప్పుడు అచ్చులో వేసినట్టు నల్లగా తిష్ట వేసుకున్నాయి.

అప్పట్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. కళ్ళజోళ్ళ కొట్టు వెనకగదిలో అద్దాలు అరగదీసే పని. మిషన్ హోరులో కూనిరాగాలు తీస్తుంటే నా గొంతు దివ్యంగా ఉందనిపించేది. మిషన్ ఆపగానే ఆ నమ్మకం కాస్తా పోయేది. మా అక్క మాత్రం ఊరుకోలేదు.

"మగ గొంతులకి కరువొచ్చిందిరా. గోడకి గొంతున్నా చేర్చుకునేట్టున్నాం. పద," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పాత పోస్టాఫీసు మేడ మీద, ఒకప్పుడు ఉత్తరాలు విడదీసిన హాలు మాది. గోడ పొడవునా చెక్క గూళ్ళు. ప్రతి గూటి కింద ఒక వీధి పేరు. పోస్టాఫీసు కొత్త భవనానికి వెళ్ళిపోయాక ఆ గూళ్ళలో మా పాటలు చేరాయి. అక్కవి స్టేషన్ రోడ్డు గూట్లో, నావి ఆసుపత్రి వీధి గూట్లో ఉండేవి.

మొత్తం పద్నాలుగు మందిమి. నర్సు, బేకరీ ఆయన, టైలరమ్మ, ఇద్దరు గుమాస్తాలు, ఇలాంటివాళ్ళం. సంగీతం మీద బతికేవాడు ఒక్కడూ లేడు. కానీ ఊళ్ళో పాట అవసరమైన చోటల్లా మేమే. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచినా మేమే, లైబ్రరీ వార్షికోత్సవానికీ మేమే. స్కూలు పిల్లలు వేదికెక్కి చరణం మర్చిపోతే తెర వెనక నుంచి అందుకునేదీ మేమే. పెద్ద ఊరి నుంచి ఎవరైనా గాయకుడు వచ్చి, వెనక పాడేవాళ్ళు లేరని బెంగ పడితే, బేకరీ ఆయన చేతుల పిండి కడుక్కుని పరిగెత్తేవాడు.

మమ్మల్ని నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. నాలుగు వరసల్లో కూర్చోబెట్టేవారు. ముందు రెండూ ఆడవాళ్ళవి, వెనక రెండూ మగవాళ్ళవి. మూడో వరసలో నేనొక్కణ్ణే.

అలాంటిది ఒక గురువారం వెళ్ళేసరికి, నా పక్క కుర్చీలో ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"ఇది మగవాళ్ళ వరసండీ," అన్నాను మర్యాదగా.

"తెలుసండీ. మాస్టారే ఇక్కడ కూర్చోమన్నారు. నా గొంతు కిందికి ఉంటుందట."

నా చేతిలో కాగితాలు జారిపోయాయి. ఆ గొంతు తెలియనివాడు మా ఊళ్ళో ఉంటే వాడికి చెవుడే. రోజుకు వందసార్లు 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అని పలికే బస్టాండు గొంతు అది. మెత్తగా, నిదానంగా, ఏ బస్సు ఎంత ఆలస్యమైనా కంగారు పడకుండా పలికేది. నిజం చెప్పాలంటే ఆ గొంతంటే నాకు ఏనాటి నుంచో ఇష్టం. కానీ నోరు ఊరుకుంటే కదా!

"మీరా! పోయిన నెల మీ మూలానే నా బస్సు పోయింది. మూడో ప్లాట్‌ఫారం అన్నారు. అది నాలుగులోంచి వెళ్ళిపోయింది."

"నాలుగనే చెప్పాను. చెవులు ఇంట్లో పెట్టి వస్తే నాదా తప్పు?"

"మూడన్నారు. నా రెండు చెవులతో విన్నాను."

"అయితే మూడులోనే నుంచోవలసింది. ఈపాటికి వచ్చుండేది."

ముందు వరసలోంచి మా అక్క వెనక్కి తిరిగి, ఆ అమ్మాయి వంక మెచ్చుకోలుగా చూసింది. మాస్టారు బల్ల మీద కర్రతో టకటకా కొట్టారు.

"పోట్లాట శ్రుతిలోనే ఉంది. కానీ ముందు పాట."

ఆ పాట మాస్టారు తనే కట్టిన పడవ పాట. రేవు వదిలిపోతున్న పడవను చూసి ఒడ్డున ఉన్నవాళ్ళు 'మళ్ళీ రా' అంటారు. చివర ఆ 'రా'ను మా మూడో వరస ఒక్కటే, తాళం ప్రకారం పదహారు లెక్కలు సాగదీయాలి. మొదటి రోజు ఎనిమిదో లెక్క దగ్గర ఆమే, నేనూ ఒకేసారి గుటక్కున ఊపిరి తీసుకున్నాం. మూడో వరస మాయమైపోయింది.

"రోడ్డు మధ్య గొయ్యి పడిందయ్యా," అన్నారు మాస్టారు. "ఊపిరి అందరికీ కావాలి. ఇద్దరూ ఒకేసారి తీసుకుంటేనే చిక్కు. ఒకరు తీసుకునేటప్పుడు రెండోవాళ్ళు పట్టుకోవాలి. మీ ఇద్దరిదీ ఒకటే ఊపిరేమో అనిపించాలి వినేవాళ్ళకి."

హాలంతా కిసుక్కుమంది. మాస్టారు లెక్కల మనిషి. తానేమన్నారో ఆయనకు చివరిదాకా తెలిసి ఉండదు.

ఇద్దరికీ కలిపి ఒకటే ప్రతి ఇచ్చారు. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో కామాలు పెట్టుకోమన్నారు. నాది నీలం, ఆమెది ఎరుపు. ఆ 'రా' కింద ఐదు, పన్నెండు లెక్కల దగ్గర నా నీలం కామాలు. ఎనిమిది దగ్గర ఆమె ఎర్ర కామా. ఆ మూడు కామాల కోసం మూడు గురువారాలు పోట్లాడుకున్నాం.

ఆమె కాగితాన్ని చేతులు బారచాపి పట్టుకునేది. కళ్ళ వ్యాపారం చేసేవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను.

"మీకు కళ్ళజోడు కావాలండీ."

"మీకు చెవిజోడు కావాలి. దొరుకుతుందేమో మీ కొట్లో చూడండి."

చివరికి కొట్టుకు వచ్చింది. అద్దాలు నేనే అరగదీశాను. మామూలుగా గంట పట్టే పనికి ఆ రోజు పూటంతా పట్టింది. జోడు పెట్టుకుని, అద్దంలో చూసుకోకుండా తిన్నగా నా ముఖంలోకి చూసింది.

"ఓహో, ఇలా ఉంటారా మీరు! తొందరపడ్డాను. ఇంకొన్నాళ్ళు మసగ్గా ఉన్నా బావుండేది."

ఆ మాటకు వారం రోజులు నవ్వుకున్నాను. నేను రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే చాలు, అందరికీ వినబడేలా ప్రకటన చేసేది. "గమనిక. మూడో వరస నుంచి బయలుదేరవలసిన గొంతు ఎప్పటిలాగే ఆలస్యంగా నడుస్తోంది." ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరం గమనించలేదు. గురువారం కాక తక్కిన ఆరు రోజులూ ఎందుకొస్తాయా అనిపించేది.

వాళ్ళ నాన్నగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, హాల్లో చివరి కుర్చీలో కూర్చునేవారు. పాట మొదలైతే నిద్ర, అయిపోతే మెలకువ. పాట ఎలా ఉందని అడిగితే, "కుదుపుల్లేవు," అనేవారు.

మా సాంవత్సరిక కచేరీకి మూడు వారాల ముందు ఆమె కబురు మోసుకొచ్చింది. పెద్ద ఊళ్ళో హెడ్డాఫీసుకు ప్రమోషన్. అన్ని బస్టాండ్లకూ ఆమె గొంతుతోనే ప్రకటనలు రికార్డు చేస్తారట. కచేరీ ఆదివారం. సోమవారం పొద్దున్నకల్లా వస్తానో రానో జవాబివ్వాలి.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్నాడు కొట్లో ఒకాయన ఎడమ కంటి అద్దం కుడి కంటికి బిగించి చివాట్లు తిన్నాను.

కచేరీ అవగానే మనసులో మాట చెప్పెయ్యాలని తీర్మానించుకున్నాను. ఆమె వెళ్ళిపోతే ఆ గొంతు, ఆ వెక్కిరింత, ఆ గురువారాలు అన్నీ పోతాయి. మిషన్ ముందు కూర్చుని 'వెళ్ళకు' అనే మాటను వంద రకాలుగా సాధన చేశాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. బయట జడివాన. అయినా హాలు నిండిపోయింది, గొడుగులన్నీ ఉత్తరాల గూళ్ళ కింద వరసగా నీళ్ళోడుతున్నాయి. వేదికెక్కే ముందు మా ప్రతి తెరిచి చూశాను. చివరి పేజీలో, ఆ 'రా' కింద, ఎనిమిదో లెక్క దగ్గర ఎర్ర పెన్సిల్‌తో కొత్తగా రాసి ఉంది. 'ఇక్కడ ఆగు.'

రాత ఆమెదే. నా గొంతు తన గొంతును మింగేస్తోందని వారం నుంచి సణుగుతోంది. ఇదే తన చివరి కచేరీ అయితే, ఆ చివరి స్వరం తనొక్కతే పాడుకోవాలని ఉందన్నమాట. పాడుకోనీ అనుకున్నాను. ఆమె ఊపిరి తీసుకునే చోటూ అదేనన్న సంగతి ప్రేమలో ఉన్న బుర్రకు ఎక్కలేదు.

పాట బ్రహ్మాండంగా నడిచింది. 'మళ్ళీ' అయింది. 'రా' మొదలైంది. ఎనిమిదో లెక్కకు నేను బుద్ధిగా నోరు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే, నేనున్నాననే ధైర్యంతో, ఆమె ఊపిరి తీసుకుంది.

గొయ్యి పడింది. మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దంలో చివరి కుర్చీలోంచి వాళ్ళ నాన్నగారు ఉలిక్కిపడి లేచారు.

"ఏంటి, ఊరొచ్చిందా?"

హాలు గొల్లుమంది. ఆమె ఒక్కతే ఆ స్వరాన్ని మళ్ళీ అందుకుని, ఎర్రబడ్డ ముఖంతో పదహారు దాకా లాక్కొచ్చింది. చప్పట్లు ఆగకముందే, నావైపు చూడకుండా, గొడుగైనా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆరింటికి ఆమెకు డ్యూటీ.

"గోడని తెచ్చుకున్నా బావుండేదిరా," అంది అక్క. "నిలబడి చూస్తావేం? పరిగెత్తు!"

వానలో బస్టాండు దాకా పరిగెత్తాను. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఉంది. నేను తలుపు తోసేసరికి విరుచుకుపడింది.

"ఎందుకాగావు? నిన్ను నమ్ముకునేగా ఊపిరి తీసుకున్నాను!"

"నువ్వేగా ఆగమన్నావు! ఎర్ర పెన్సిల్‌తో రాశావు కూడా!"

క్షణం సేపు నా వంక అయోమయంగా చూసింది. తర్వాత రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఓరి నాయనో! నేను ఆపమంది పాటనా? కచేరీ అయ్యాక వేదిక దగ్గర ఆగమన్నాను. అందరూ వెళ్ళాక నీతో మాట్లాడాలని. కళ్ళజోళ్ళ కొట్టువాడివి, ఆ మాత్రం చదవడం రాదా?"

"స్వరం కింద రాస్తే ఏమనుకోవాలి? పక్కన చోటు లేదా?"

"పక్కనంతా నీ నీలం పెన్సిలే!"

అదీ నిజమే. ఇంతలో బయట ఒక డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మైకు స్విచ్చి వేసి, ఎప్పటిలాగే మెత్తగా, నిదానంగా ఆ బస్సు ప్రకటన చదివింది. స్విచ్చి కట్టేసింది. అప్పుడు మాత్రం గొంతు వణికింది.

"రేపటికల్లా జవాబివ్వాలి. అందుకే... నన్ను ఆగమంటావా?"

మళ్ళీ అదే మాట. నేను మూడు వారాలు సాధన చేసింది దానికి జవాబే. ఒక్కసారి 'ఊఁ' అంటే చాలు, ఆమె ఉండిపోయేది.

"నువ్వంటే నాకిష్టం," అన్నాను. "నిన్ను చూడకముందు, బస్టాండులో నీ గొంతు విన్నప్పటి నుంచీ ఇష్టం. నిన్ను ఆగమందామనే వచ్చాను. కానీ ఒకళ్ళు ఆగిపోతే ఏమవుతుందో ఇందాకే చూశానుగా. నువ్వు ఆగొద్దు. వెళ్ళి ఊపిరి తీసుకుని రా. నువ్వొచ్చేదాకా స్వరం నేను పట్టుకుంటా."

సినిమాలో అయితే మైకు ఆన్‌లో ఉండి ఊరంతా వినేది. మా బస్టాండులో అది కట్టేసే ఉంది. ఆమె ఒక్కతే విని, కళ్ళజోడు తీసి, ఏడుస్తూ నవ్వింది. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చేతిలో ఆమె గొడుగుతో వాళ్ళ నాన్నగారు.

"నువ్వేనా బాబూ, ఇందాక ఇంజన్ ఆపింది?"

"నేనేనండీ," అన్నాను తల దించుకుని.

ఆయన నన్ను పైనుంచి కిందకు చూశారు. గొడుగు నా చేతిలో పెట్టారు.

"డ్యూటీ అయ్యాక అమ్మాయిని ఇంటికి తీసుకురా. దారి మధ్యలో ఆపకు," అని, తెలిసిన డ్రైవరు బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆమె వెళ్ళింది. ఏడాదిన్నర పాటు ప్రతి గురువారం రెండున్నర గంటలు బస్సులో వచ్చి పాడి, మర్నాడు తొలి బస్సుకు వెళ్ళిపోయేది. నేను నాలుగో ప్లాట్‌ఫారంలో ఎదురుచూసేవాణ్ణి. ఈసారి సరిగ్గానే విన్నాను. తక్కిన రోజుల్లో ఏ ప్రయాణమూ లేకపోయినా బస్టాండుకు పోయి కూర్చుని, రికార్డులో ఆమె గొంతు వినేవాణ్ణి. సెలవు దొరకని గురువారాల్లో మూడో వరస నేనొక్కణ్ణే పాడేవాణ్ణి. ఎనిమిదో లెక్క దగ్గర మాత్రం ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత మా ఊరికే బదిలీ చేయించుకుని వచ్చేసింది. మా పెళ్ళికి బృందమంతా పాడింది, మాస్టారు మూడో వరసలో మా బదులు బేకరీ ఆయన్ని నిలబెట్టారు.

ఇప్పుడు మాస్టారు లేరు. ఆయన కర్ర మా అక్క చేతికి వచ్చింది. బస్టాండులో ఏదో కంప్యూటరు గొంతు అరుస్తోంది, ఏ బస్సు వచ్చినా దానికి ఒకటే. హాల్లో ఆ చివరి కుర్చీని మేమెవరం కదపలేదు. పాట అవగానే 'కుదుపుల్లేవు' అని వినిపిస్తుందేమోనని ఇప్పటికీ అటు చూస్తాను.

బ్యాంకు అమ్మాయి ఇంకా వేలు తియ్యలేదు. "చెప్పండి అంకుల్, ఆగాలా?"

నా పక్క కుర్చీలోంచి మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. గొంతు కాస్త బరువెక్కింది కానీ, అదే మెత్తదనం, అదే నిదానం.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ స్టాపులో బండి ఆగదు."

అక్క నవ్వాపుకుంటూ కర్ర ఎత్తింది. 'మళ్ళీ' అయింది. 'రా' మొదలైంది. ఎనిమిదో లెక్క దగ్గర ఆమె ఊపిరి తీసుకుంది. నేను పట్టుకున్నాను.