బోటి చారులో పుల్ల మీగడ

"ఇందులో మీగడ ఏదీ?" అన్నాడు ఆ డ్రైవరు, గిన్నెలోకి తొంగి చూసి.

నెవెన చేతిలో గరిటె ఆగింది. బల్గేరియా వైపు విదిన్ ఊరి చివర, డాన్యూబ్ వంతెనకి పోయే రోడ్డు పక్కన పిన్నితో కలిసి హోటలు పెట్టినప్పటి నుంచీ, చారులో ఉప్పు తక్కువైందన్నవాళ్లున్నారు, బోటి తక్కువైందన్నవాళ్లున్నారు. మీగడ అడిగిన మొనగాడు మాత్రం ఇతనే.

"వెల్లుల్లి వెనిగర్ ఉంది. మిరప్పొడి ఉంది. మీగడ కావాలంటే వంతెన దాటి మీ రుమేనియాలో తాగండి."

"దాటనిస్తే తాగేవాణ్ణే. పొద్దుట్నుంచీ నా లారీని మీవాళ్లు రోడ్డుకి మేకేసి కొట్టారుగా!"

"అయితే ఇదే తాగండి. ఆకలి మీద ఉన్నవాడు బేరమాడకూడదు."

అతను మిరప్పొడి ధారాళంగా వేసుకుని తాగాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది.

"ఏడవకండి, చూసినవాళ్లు నేను కొట్టాననుకుంటారు. ఇంకో గిన్నె పొయ్యనా?"

"పొయ్యండి," అన్నాడు నవ్వుతూ. "ఎలాగూ లైను కదల్లేదు."

ఆ మాటని నెవెన అప్పుడే తక్కెడలో వేసుకోవలసింది. కానీ ఎంత పండిన వ్యాపారికైనా, నవ్వు బాగున్న గిరాకీ ఎదురైతే తక్కెడ గుర్తుండదు.

అతని పేరు సోరిన్. ఊరు క్రాయోవా. గ్రీసు నుంచి నారింజలు ఎత్తుకుని జర్మనీ పోతుంటాడు. రెండు దేశాలూ యూరప్ యూనియన్లో చేరి ఏళ్లు గడిచినా వంతెన దగ్గర సరిహద్దు మాత్రం అలాగే కూర్చుంది. కాగితాలు చూడాలి, సీళ్లు చూడాలి, అనుమానమొస్తే తలుపులు తీయించాలి. లారీల లైను ఊళ్లోకి పాకేది. డ్రైవర్లు దాన్ని తిట్టుకునేవాళ్లు. నెవెన రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూసి, రైతు వానమబ్బుని చూసినట్టు మురిసిపోయేది. ఆ లైనే ఆమె పొలం.

సోరిన్ ప్రతి ట్రిప్పుకీ వచ్చేవాడు. బల్గేరియన్ మాటలన్నీ ఆ లైన్లోనే నేర్చాడు, అందులో సగం తిట్లు. వచ్చినప్పుడల్లా నాలుగు నారింజలు బల్ల మీద దొర్లించి, "మీగడ?" అనేవాడు. "లేదు" అనేది నెవెన. కొన్నాళ్లకి ఆ ఒక్కడి కోసం ఫ్రిజ్‌లో పుల్ల మీగడ డబ్బా ఒకటి చేరింది.

"ఇదేంటే?" అంది స్టోయ్‌కా పిన్ని.

"పిల్లికి."

"మన పిల్లికి ఎప్పట్నుంచి లారీ తోలడం వచ్చిందే?"

ఒకరోజు వాన ఆగకుండా కురుస్తోంది. సోరిన్ కిటికీ పక్కన కూర్చుని, వానని వదిలేసి నెవెననే చూస్తున్నాడు. బయట హారన్లు మొదలయ్యాయి.

"నీ ముందు లారీ కదిలింది," అంది నెవెన.

"కదలనీ."

"వెనకవాళ్లు నీ వంశాన్ని తిడుతున్నారు."

"పెద్ద వంశం, తట్టుకుంటుంది."

వెళ్లి లారీ పక్కకి తీశాడు, అందరినీ పోనిచ్చాడు, తడిసి ముద్దయి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నెవెన తువ్వాలు విసిరింది, మొహం మీద పడేలా. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఊళ్లో పెళ్లీడు మగాళ్లంతా స్పెయిన్, జర్మనీ వెళ్లిపోయారు. చేతిలో ఉన్న దారి వదులుకుని తన దగ్గర కూర్చున్న మగాణ్ణి ఆమె చూడటం అదే మొదలు.

మార్చి మొదటి రోజున ఎర్ర దారం, తెల్ల దారం పేనుకుని కట్టుకోవడం నదికి రెండు పక్కలా ఉన్నదే. నెవెన ఏటా గిరాకీ అందరి మణికట్టుకీ కట్టేది. సోరిన్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మా వైపు మగాడు ఆడదానికి ఇస్తాడు. ఇదేంటి, తలకిందులుగా!"

"ఇది మా వైపు. చెయ్యి చాపు."

చాపాడు. ఆమె ముడి వేస్తుంటే జేబులోంచి చిన్న పిన్నుకి గుచ్చిన దారం తీసి ఆమె కోటుకి పెట్టాడు. ముడి రెండోసారి వెయ్యాల్సొచ్చింది. చెట్టు పూసినప్పుడు ఆ దారం విప్పి, ఏదో ఒకటి కోరుకుని కొమ్మకి కట్టాలి. పెరట్లో ఆల్‌బుఖారా చెట్టు విరగబూసిన రోజున సోరిన్ తన దారం కట్టాడు.

"ఏం కోరుకున్నావ్?"

"చెబితే జరగదు."

జరిగింది. కొత్త సంవత్సరం రోజున వంతెన మీద తనిఖీలు ఎత్తేశారు. బ్యాండు వాయించారు. "యూరప్ మన గడపలోకి వచ్చింది" అన్నాడు ఎవరో పెద్దమనిషి మైకులో.

"రాలేదు, గడప ముందునుంచి దూసుకుపోయింది," అంది పిన్ని, ఖాళీ రోడ్డు చూస్తూ.

దానికి ముందు వారమే, ఆఖరి లైన్లో, సోరిన్ ఆమె చేతులు పట్టుకుని చెప్పాడు. "ఇన్నాళ్లూ ఆపితే ఆగాను. ఇక నుంచి ఆగాలనిపించి ఆగుతాను. చూస్తూ ఉండు."

"ఆపితే ఆగినవాణ్ణి గిరాకీ అనరే," అంది పిన్ని తర్వాత. "ఖైదీ అంటారు. తలుపు తెరిచాక తెలుస్తుంది."

నెవెన చూస్తూ ఉంది. జనవరిలో నారింజల లారీ వచ్చింది. పొడుగ్గా హారన్ కొట్టింది. నెవెన ఏప్రాన్‌తోనే బయటికి పరిగెత్తింది. లారీ వెనక లైట్లు కనిపించాయి. తర్వాత ఫోను మోగింది.

"బంగారం, ఈసారి కుదరలేదు. సరిహద్దు పోయిందని ఓనరు టైము కోసేశాడు. బండి ఎక్కడ ఆగిందో వాడికి ఫోన్లో కనిపిస్తుంది. ఇదివరకైతే లైను అనేవాణ్ణి, నమ్మేవాడు."

నెవెన ఫోను పెట్టేసి లెక్క వేసుకుంది. సరిహద్దు పోయి మిగిలిన టైము సోరిన్‌కి దక్కలేదు, ఓనరుకి దక్కింది. సోరిన్‌కి పోయింది ఒక సాకు. వానలో తను చూసి మురిసిన త్యాగం కూడా ఆ సాకు చాటునే జరిగింది.

అయినా ఫ్రిజ్‌లో మీగడ పెట్టడం మానలేదు. పాడైతే పారేసింది, కొత్తది తెచ్చింది. అవతల హైవే మీద పెట్రోలు బంకు పెట్టినాయన వంటకి రమ్మని కబురు పెడుతున్నాడు. పిన్ని కూతురు స్పెయిన్ రమ్మంటోంది.

"ఏం చూసుకుని తెరుస్తున్నావే ఈ హోటలు? బోణీ అయి ఎన్నాళ్లయిందో తెలుసా?"

"పెరట్లో చెట్టు పూసేదాకా చూద్దాం, పిన్నీ."

లారీ హారన్ కొట్టుకుంటూ పోతూనే ఉంది. మొదట్లో నెవెన పరిగెత్తింది, తర్వాత గుమ్మం దాకా నడిచింది, తర్వాత కిటికీ దగ్గరే నిలబడింది. మార్చి వచ్చింది. దారాలు పేనింది. కట్టడానికి చేతులు లేవు. ఒకటి మాత్రం జేబులో ఉంచుకుంది.

ఆల్‌బుఖారా పూసింది. సన్నగా తుప్పర పడుతున్న ఒక పొద్దున, నారింజల లారీ రోడ్డు వారగా ఆగింది. నాలుగు లైట్లూ టక్కుటక్కున వెలిగి ఆరుతున్నాయి. సోరిన్ తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. చిక్కిపోయాడు. నవ్వు మాత్రం అదే.

"ఆగాను! చూశావా, ఆగాను!"

నెవెన రోడ్డు వైపు చూసింది. "చూశాను. ఇంజను ఆపలేదేం?"

"ఆపితే ఓనరుకి తెలుస్తుంది. ఇలాగైతే ట్రాఫిక్ అంటాను. నెవెనా, విను. నన్ను పెళ్లి చేసుకో. ఇది మూసేసి క్రాయోవా వచ్చెయ్యి. అమ్మకి చెప్పాను, ఒప్పుకుంది. అమ్మ దగ్గర ఉండొచ్చు."

"మరి నువ్వో?"

"నేను... వస్తూ పోతూ ఉంటాను."

"క్రాయోవాలో ఆగుతావా?"

"దారి అటే కదా."

"దారి ఇటు కూడా ఉంది, సోరిన్."

అతను తల వంచుకున్నాడు. "ఆ రోజు చెట్టుకి ఏం కోరుకున్నానో తెలుసా? ఈ లైను పోవాలని. ఎప్పుడు కావాలంటే అప్పుడు నీ దగ్గరికి రావచ్చని."

నెవెనకి నవ్వొచ్చింది, ఆ నవ్వుకి కళ్లు మండాయి. జేబులో చెయ్యి పెట్టింది. దారం వేళ్లకి తగిలింది. తియ్యలేదు. పొయ్యి మీద గిన్నె మూత తీసి, చారు పోసి, ఫ్రిజ్‌లోంచి మీగడ డబ్బా తెచ్చి ఒక గరిటె నిండుగా వేసింది. కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. కుర్చీ లాగింది.

"కూర్చో."

అతను గిన్నె చూశాడు. మీగడ చూశాడు. ఆమె మొహం చూశాడు. బయట లైట్లు టక్కుటక్కుమంటున్నాయి. అతని కన్ను అటు పోయింది.

"కాగితం కప్పులో పోసి ఇవ్వవా, బంగారం?"

పోసింది. మూత బిగించింది. అతను ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, తడి గడ్డి మీద జారుతూ పరిగెత్తాడు. వంతెన దగ్గర ఎవరూ ఆపలేదు.

పిన్ని పెరటి గుమ్మంలోంచి వచ్చింది. "ఆ రుమేనియా అబ్బాయేనా? ఏమన్నాడే?"

"పెళ్లి చేసుకుందాం అన్నాడు."

"అమ్మయ్య! నువ్వేమన్నావ్?"

"కూర్చోమన్నాను."

పిన్ని కిటికీ పక్క కుర్చీ వైపు చూసింది. లాగిన చోటే, ఖాళీగా ఉంది. డబ్బాలో మిగిలిన మీగడ చేతిలోకి తీసుకుంది. "దీన్నేం చెయ్యను?"

"పిల్లికి పెట్టు," అంది నెవెన, పొయ్యి ఆర్పుతూ. "బంకాయన నంబరు నీ దగ్గరుందా?"