టీ అని చెప్పిన మరక

"మరక ఎలా పడిందో నిజం చెప్పండి," అంది ఆ అమ్మాయి.

"ఇదేమైనా పోలీస్ స్టేషనా?" అన్నాడతను.

"కాదండీ, డ్రై క్లీనింగ్. అక్కడ అబద్ధం చెప్పినా గడిచిపోతుంది. ఇక్కడ గడవదు."

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. రెండేళ్లు ఉద్యోగాల కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి బాబాయి షాపులో కౌంటర్ వెనక కూర్చుంది. కూర్చున్న వారానికే ఒక రూలు పెట్టింది. ప్రతి బట్టకూ ఒక స్లిప్పు. మరక దేనిది, ఎప్పుడు పడింది, ఇంట్లో ఏం పెట్టి రుద్దారు, అన్నీ రాశాకే బట్ట లోపలికి వెళ్లాలి. ఒక్కో రకం మరకకు ఒక్కో మందు సీసా కౌంటర్ మీద వరసగా పెట్టుకుంది. వీధిలో ఆమెకు సైంటిస్టు అని పేరు పడిపోయింది. బాబాయికి మాత్రం ఈ తతంగం మింగుడుపడలేదు. "ఒక్క బట్ట పాడైందంటే నీ స్లిప్పులూ సీసాలూ బంద్. బొత్తాలు కుట్టుకుంటూ కూర్చో," అని ముందే చెప్పేశాడు.

అతను ఎమ్మే హిస్టరీ. మేనమామ షెడ్డులో ఇనుప గేట్లు చేస్తాడు. ఇంటర్వ్యూ లెటర్ వచ్చిన సంతోషంలో, ఉన్న ఒక్క తెల్ల చొక్కా వేసుకుని మామయ్యకు చూపించడానికి వెళ్లి, పాత గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. మరక ఆ తుప్పుది. కానీ ఒకమ్మాయి పెన్ను పట్టుకుని అంత శ్రద్ధగా చూస్తుంటే తుప్పు అనే మాట గొంతు దాటలేదు.

"టీ," అన్నాడు.

"ఎక్కడ పడింది?"

"స్టాఫ్ రూమ్‌లో."

"ఓహో, లెక్చరరా?"

"అలాంటిదే."

ఆమె రాసుకుంది. మామూలుగా అయితే మరక అంచున ఒక మందు చుక్క వేసి పరీక్షించేది. ఆరోజు వెయ్యలేదు. బయట వాన మొదలైంది. గొడుగు లేదంటూ అతను అరగంట అక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ వాన గురించి తెలిసిందీ తెలియనిదీ మాట్లాడుకున్నారు.

టీకి వాడే బ్లీచు తుప్పుకు పడదు. మరక పోకపోగా ముదిరి, జేబు చుట్టూ ఎర్రగా పాకింది.

మూడో రోజు అతను వచ్చేసరికి కౌంటర్ మీద సీసాల్లేవు. బాబాయి నిలబడి ఉన్నాడు.

"ఏమీ అనుకోకండి లెక్చరర్‌గారూ. మా అమ్మాయి అతితెలివి వల్ల జరిగింది. కొత్త చొక్కా తెప్పించాను, మీ సైజే. ఇవాళ్టితో తనకు ఈ మరకల పని ఆఖరు."

ఆమె వెనకాల కూర్చుని ఎవరి కోటుకో బొత్తాం కుడుతోంది. తలెత్తలేదు. మర్నాడే ఇంటర్వ్యూ. కొత్త చొక్కా తీసుకుని వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే అతను దాన్ని అందుకుని గుమ్మం దాకా నడిచాడు కూడా.

"అది టీ కాదండీ," అన్నాడు వెనక్కి వచ్చి, కొత్త చొక్కా కౌంటర్ మీద పెట్టేసి. "తుప్పు. నేను లెక్చరర్ని కాదు, గేట్లు చేస్తాను. సిగ్గేసి అబద్ధం చెప్పాను. మీ అమ్మాయి తప్పేం లేదు."

బట్టలివ్వడానికొచ్చిన ఇద్దరు ముసిముసిగా నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"గేట్లు చేస్తే సిగ్గెందుకయ్యా? నేను ఇరవయ్యేళ్లుగా అందరి మురికీ వదిలిస్తున్నా," అన్నాడు బాబాయి.

ఆమె సూది పక్కన పెట్టి లేచింది. "నా తప్పూ ఉంది బాబాయ్. టెస్టు చెయ్యాల్సింది, చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

ఆమె చూపు అతని మీదికి వెళ్లింది. బాబాయి ఆమెను ఒకసారి, అతన్ని ఒకసారి చూసి, సీసాలున్న అట్టపెట్టెను కింద నుంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు.

ఆమె ఏదో తెల్లపొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి పాత చొక్కాను నానేసింది. మరక వదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె అతన్ని తిడుతూనే ఉంది. అతనికి హాయిగానే ఉంది.

"ఇంకేమైనా అబద్ధాలున్నాయా?"

"ఆరోజు గొడుగు నా బ్యాగులోనే ఉంది."

ఆమె మొహం తిప్పేసుకుంది, నవ్వు కనబడకుండా.

వారం తర్వాత ఆమే షెడ్డుకు వచ్చింది. అతను సుద్దముక్కతో నేల మీద గేటు గీసి ఒక పెద్దావిడకు చూపిస్తున్నాడు. "పాత కోటల్లో కిటికీలకు ఇలాంటి అల్లిక ఉండేదండీ. గాలి వస్తుంది, పిల్లి దూరదు." ఆవిడకు కోటల సంగతి పట్టలేదు కానీ పిల్లి సంగతి నచ్చింది. అదే చెయ్యమని చెప్పి వెళ్లింది.

"ఇంటర్వ్యూ ఏమైంది?" అంది అమ్మాయి.

"ఒక పోస్టు, మూడొందల మంది. చొక్కా మాత్రం అందరికంటే తెల్లగా ఉంది."

"బాధగా ఉందా?"

"ఉంది. ఉద్యోగం వస్తే మీకో మాట చెబ్దామనుకున్నా."

"రాకపోతే చెప్పరా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"టెస్టు మానేసి ఆరోజు నేను చూస్తూ కూర్చున్నానే, ఆ మొహం పెట్టుకునే చెప్పండి."

అతని చేతిలో సుద్దముక్క విరిగింది. "మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు.

ఆమె, పని ఆపేసి చెవులు రిక్కించి వింటున్న అతని మేనమామ వైపు తిరిగింది.

"మామయ్యగారూ, మా బాబాయితో మాట్లాడటానికి ఎప్పుడొస్తారు?"

ఆయన మేనల్లుణ్ని ఎగాదిగా చూసి, వెల్డింగ్ గన్ను కింద పెట్టాడు.

"ఐదు నిమిషాలాగమ్మా, చేతులు కడుక్కుని వస్తా."